పాత కిటికీ – కొత్త కిటికీ

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. చీరల విషయంలో, గిన్నెల విషయంలో, ఆఖరికి పొరుగింటి వాళ్ళ విషయంలో కూడా ఈ మాట ఎంతవరకు నిజమో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఒక్క కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఈ సామెత తలకిందులైపోతుంది. అక్కడ పాతదంటే ప్రాణం, కొత్తదంటే బెంగ. "బాగానే పనిచేస్తోంది కదా, ఇప్పుడు దాన్ని కదిలించడం ఎందుకు?" అనని ఇల్లు లేదు. ఇళ్ళే కాదు, బ్యాంకులూ ఆ మాటే అన్నాయి, ఆస్పత్రులూ అన్నాయి, సాక్షాత్తూ బ్రిటిష్ ప్రభుత్వమే అంది. అలా అన్నవాళ్ళకు ఏమైంది, అనకుండా ముందుకు దూకినవాళ్ళకు ఏమైంది అన్నది చిన్న చరిత్రే.

ఈ చరిత్ర ఇప్పుడెందుకూ అంటారా? 2025 అక్టోబరు 14న విండోస్ 10కి నూకలు చెల్లాయి. అంటే ఆ రోజు నుంచి కంప్యూటరు ఆగిపోయిందని కాదు. తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ, ఇక మీదట దాని మంచి చెడ్డలు చూడనంది. "మార్చుకోండి, మార్చుకోండి" అని తెర మీద చీటీలు రావడం అంతకు ముందే మొదలైంది. మా ఇంట్లోనూ వచ్చాయి. అల్లుడు "కొత్తది కొనేయండి అత్తయ్యా" అన్నాడు. మా వారు "పదేళ్ళు కూడా నిండలేదు, అప్పుడే పారేస్తామా?" అన్నారు. ఇద్దరి మాటా సబబుగానే తోచింది నాకు. ఇటువంటప్పుడు ఏం చెయ్యాలి? పూర్వం ఇదే కూడలిలో నిలబడ్డవాళ్ళు ఎటు వెళ్ళారో చూడాలి.

ముందు అసలు ఈ ఆపరేటింగ్ సిస్టమ్ అనేది ఏమిటో చెప్పుకుందాం. కంప్యూటరు పెట్టె ఇల్లయితే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఇంటి ఇల్లాలు. మనం కొట్టిన అక్షరం తెర మీద ఎక్కడ పడాలి, ఏ కాగితం ఏ అరలో ఉంది, ప్రింటరు ఎప్పుడు కదలాలి, ఇంటర్నెట్టు నుంచి వచ్చినవాళ్ళలో ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలి – అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆవిడ ఓపికగా తిరుగుతున్నంతకాలం ఆవిడ ఉన్నట్టే ఎవరికీ పట్టదు. ఒక్క పూట మంచం పట్టిందా, కాఫీ గ్లాసు దగ్గర్నుంచి ఏదీ కనిపించదు! అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడమంటే బల్ల మీద గుడ్డ మార్చినట్టు కాదు. ఇంటి నడకే మారుతుంది.

★

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు బజారులోకి వచ్చినప్పుడు, దానికి ఆపరేటింగ్ సిస్టమ్ సమకూర్చింది అప్పటికి చిన్న కంపెనీ అయిన మైక్రోసాఫ్ట్. దాని పేరు డాస్. నల్లని తెర, దాని మీద మిణుకు మిణుకుమనే చిన్న గీత – అంతే. మనకేం కావాలో అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి చెప్పాలి. ఒక్క చుక్క తప్పినా పలకదు. 1985 నవంబరు 20న అదే కంపెనీ విండోస్‌ను విడుదల చేసింది. పేరుకు తగ్గట్టే తెర మీద కిటికీలు. ఒక కిటికీలో ఉత్తరం, ఇంకో కిటికీలో లెక్కలు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, 1990లో వచ్చిన విండోస్ 3.0తో అది నిలదొక్కుకుంది.

ఆ 3.0తో పాటే వచ్చింది సాలిటేర్ అనే ఒంటరి పేకాట. గుర్తుందా? ఆఫీసుల్లో గుమస్తాల చేత పని మాన్పించిన ఘనత దానిది. అందులో పేకముక్కల బొమ్మలు వేసింది సుసాన్ కేర్ అనే చిత్రకారిణి. మౌసుతో ముక్కను పట్టుకుని లాగి ఇంకో చోట వదలడం – ఆ పని జనానికి చేతికి అలవాటు కావడానికి ఆ ఆట బాగా పనికొచ్చింది. అంటే పేకాట ఆడిస్తూనే పాఠం చెప్పారన్నమాట. కొత్తదాన్ని జనం చేత ఒప్పించాలంటే బెదిరించనక్కర్లేదు, బెల్లం ముక్క చేతిలో పెడితే చాలునని ఆనాడు ఆ కంపెనీకి తెలుసు. తరువాత తరువాత మరిచిపోయింది.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. అమెరికాలో అర్ధరాత్రి దుకాణాలు తెరిచి అమ్మారు. మనవాళ్ళు పెద్ద హీరో సినిమాకు మొదటి ఆట టిక్కెట్ల కోసం నిలబడ్డట్టు వాళ్ళు క్యూల్లో నిలబడి కొనుక్కున్నారు. తెర అడుగున మూలకి 'స్టార్ట్' అనే బొత్తాం వచ్చింది అప్పుడే. ఆ బొత్తామే తరవాత ఎంత గొడవకు కారణమైందో ముందు ముందు చెబుతాను.

2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. మనలో చాలామందికి కంప్యూటరు అంటే మొదట కళ్ళ ముందు మెదిలేది ఆ తెరే: పచ్చని కొండ, నీలాకాశం, తెల్లని మబ్బులు. అది చిత్రకారుడు వేసిన బొమ్మ కాదు. చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫరు 1996లో కాలిఫోర్నియా సోనోమా ప్రాంతంలో దారిన పోతూ కారు ఆపి తీసిన ఛాయాచిత్రం. అక్కడ ఉండవలసిన ద్రాక్షతోటలను తెగులు పట్టి అంతకు ముందే తీసేశారు. అందుకే కొండంతా గడ్డి పరుచుకుని అంత పచ్చగా కనిపించింది. తరువాత ఆ కొండ మీద మళ్ళీ ద్రాక్ష వేశారు. మనం అపురూపంగా దాచుకున్న దృశ్యం రెండు పంటల మధ్య విరామం! పాత వస్తువుల మీద మనకుండే మమకారంలో సగం ఇలాంటిదే అనిపిస్తుంది నాకు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తెలుగువాళ్ళం ఎక్స్‌పీని ప్రేమించడానికి అంతకంటే గట్టి కారణమే ఉంది. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ ఒకే అంకెల పద్ధతి ఏర్పరిచిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ చోటు దొరికితే సరిపోతుందా? ఇంటి నంబరు ఇచ్చారు గానీ తాళంచెవి ఇవ్వలేదు. గుణింతాలూ, వత్తులూ కలిపి సరిగ్గా చూపించే ఏర్పాటు విండోస్‌లో ఎక్స్‌పీతోనే తెలుగుకు వచ్చింది. దానితో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పేరే! సెట్టింగుల్లో ఒక మూల టిక్కు పెడితే గాని ఆవిడ పలికేది కాదు. పెట్టకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు. అయినా సరే, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి చాలా ఇళ్ళలో తెలుగును తెర మీద చూపించింది ఆ ఎక్స్‌పీయే. తరువాత విండోస్ 7తో వాణి వచ్చింది, విండోస్ 8తో నిర్మల వచ్చింది. ముగ్గురూ ఆడపడుచులే. వచ్చిన కొద్దీ అక్షరం తేట పడిందే గానీ మసకబారలేదు. కొత్తదాన్ని తిట్టబోయే ముందు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

★

ఎక్స్‌పీ పుట్టుకతోనే బంగారం అనుకుంటే పొరపాటు. వచ్చిన కొత్తలో దాని రంగులు చూసి, చిన్నపిల్లల బొమ్మల పెట్టెలా ఉందని వెక్కిరించినవాళ్ళున్నారు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు దాని బలహీనతను పట్టుకుని లక్షల కంప్యూటర్లలో దూరింది. ఆ దెబ్బకు కంపెనీ కళ్ళు తెరిచి, 2004 ఆగస్టులో పెద్ద మరమ్మతు చేసి, దాని ద్వారబంధాలు గట్టి పరిచింది. మనం తలుచుకుని మురిసిపోయే ఎక్స్‌పీ ఆ మరమ్మతు తరువాతి ఎక్స్‌పీ. కొత్త కోడలు పాతబడి ఇంటిమనిషి అయినట్టే, ఇదీ నలిగి నలిగి మంచిదైంది.

అలా నలగకముందే కొత్తదాని మీద పడ్డవాళ్ళకు ఏమైందో 2007 చెప్పింది. ఆ ఏడాది జనవరి 30న విస్టా వచ్చింది. చూడ్డానికి అద్దాల మేడలా ఉండేది. ఆ మేడను మొయ్యడానికి అప్పటి మామూలు కంప్యూటర్లకు శక్తి చాల్లేదు. ఏ చిన్న పని చెయ్యబోయినా తెరంతా చీకటి చేసి "మీ అనుమతి ఉందా?" అని అడిగేది. మంచినీళ్ళు తాగడానికి కూడా అత్తగారి అనుమతి అడిగే కోడలిలాగ! విస్టాకు పనికొస్తాయని చీటీ అంటించి అమ్మిన కంప్యూటర్లలో కొన్ని, దాని అన్నిటికన్నా నాసి రకాన్ని మాత్రమే నడపగలిగేవి. దాని మీద అమెరికాలో కోర్టుకెక్కారు. ఏప్రిల్ కల్లా డెల్ కంపెనీ, కొనేవాళ్ళు కోరితే మళ్ళీ ఎక్స్‌పీ వేసి ఇస్తామంది. 2008లో ఎక్స్‌పీ అమ్మకాలు ఆపవద్దంటూ ఒక పత్రిక మొదలుపెట్టిన విన్నపం మీద రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఒక వస్తువు కావాలని ఉద్యమాలు జరగడం విన్నాం గానీ, పాతది పోనివ్వవద్దని ఉద్యమం జరగడం ఇదే చూడడం!

2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7 ఆ కోపాన్ని చల్లార్చింది. విస్టాను వదిలేసి, నిమ్మళంగా 7కి మారినవాళ్ళు సుఖపడ్డారు. 2012లో విండోస్ 8 వచ్చి మళ్ళీ కథ మొదటికి తెచ్చింది. పదిహేడేళ్ళుగా అలవాటైన స్టార్ట్ బొత్తాన్ని అందులో తీసేశారు. సాలిటేర్ కూడా పోయింది. వంటింట్లోకి వెళ్ళేసరికి పోపుల డబ్బా మాయమైతే ఎలా ఉంటుంది? జనం గగ్గోలు పెడితే, 2013లో 8.1 అంటూ ఆ బొత్తాన్ని మళ్ళీ తెచ్చి పెట్టారు. మొదట దూకినవాళ్ళే ఎప్పుడూ ముళ్ళ మీద పడుతున్నారు అన్నది దీనివల్ల తేలిన మొదటి నీతి. అయితే ఇది సగం నీతి మాత్రమే.

★

మిగతా సగం 2014తో మొదలవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 4న మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ అధినేత అయ్యారు. మనమంతా గొప్పగా చెప్పుకున్నాం. రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సేవలు ఆగిపోయాయి. ముహూర్తం ఆయన పెట్టింది కాదు, ఎన్నో ఏళ్ళ ముందే పెట్టి ఉంచినదే. పన్నెండున్నరేళ్ళు – ఒక పుష్కరం దాటిన ఆయుష్షు. ఆపరేటింగ్ సిస్టమ్‌లలో దీర్ఘాయుష్షే అది. అయినా ఆనాటికి ప్రపంచంలోని బల్లమీది కంప్యూటర్లలో నాలుగో వంతుకు పైగా ఎక్స్‌పీ మీదే ఉన్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం తన కంప్యూటర్లను గడువులోగా మార్చలేక, ఒక్క ఏడాది అదనపు సేవ కోసం 55 లక్షల పౌండ్లు కట్టింది. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యలేక ఇంకో ఏడాదికి అడిగినంత అద్దె ఇచ్చినట్టన్నమాట.

సేవలు ఆగిపోతే నష్టమేమిటి, యంత్రం పనిచేస్తూనే ఉందిగా అని అడుగుతారు చాలామంది. కిటికీ సంగతే చెబుతాను. ఒకే మేస్త్రీ కట్టిన వంద ఇళ్ళకు ఒకే రకం గొళ్ళేలు ఉన్నాయనుకోండి. గొళ్ళెంలో ఒక లోపం ఉందని తెలిసింది. కొత్త ఇళ్ళకు మేస్త్రీ వెళ్ళి బాగుచేశాడు. పాత ఇళ్ళకు వెళ్ళడు, గడువైపోయింది. ఇప్పుడు దొంగకు ఎంత సులువో చూడండి! కొత్త ఇంట్లో మేస్త్రీ ఏ మేకు కొట్టాడో బయట నిలబడి చూస్తే చాలు, పాత ఇంట్లో ఎక్కడ నెట్టాలో తెలిసిపోతుంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఏ రోజుకా రోజు పాడవదు. దాని రహస్యాలు నలుగురికీ తెలిసిపోతాయి, అంతే.

2017 మే 12, శుక్రవారం నాడు అదే జరిగింది. వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం కొన్ని గంటల్లో ప్రపంచాన్ని చుట్టేసింది. కంప్యూటర్లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు కడితే గాని తియ్యనని తెర మీద చీటీ పెట్టింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. ఇంగ్లండులో ప్రభుత్వ ఆస్పత్రులను నడిపే ఎన్.హెచ్.ఎస్.లో 236 ట్రస్టులకు గాను కనీసం 81 చోట్ల పనులు దెబ్బ తిన్నాయి. ఆపరేషన్లతో సహా సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ కుర్రాడు, ఆ ప్రోగ్రాం లోపల రాసి ఉన్న ఒక వింత ఇంటర్నెట్టు చిరునామాను పది డాలర్ల చిల్లరతో కొని నమోదు చేసేసరికి అది ఆగింది. ఏనుగును చీమ ఆపినట్టు!

మైక్రోసాఫ్ట్ మూడేళ్ళ క్రితమే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా అప్పటికప్పుడు ఒక మరమ్మతు విడుదల చేసింది. అందరూ ఎక్స్‌పీనే ఆడిపోసుకున్నారు. కానీ లెక్కలు తీస్తే అసలు సంగతి బయటపడింది. వాన్నాక్రై సోకినవాటిలో అత్యధిక భాగం విండోస్ 7 కంప్యూటర్లు. అంటే ఇంకా సేవలు అందుతున్నవే! ఆ లోపానికి మరమ్మతు మార్చి 14నే, రెండు నెలల ముందే, పైసా ఖర్చు లేకుండా వచ్చింది. వేసుకోలేదు, అంతే. మేస్త్రీ గుమ్మంలో నిలబడి పిలిస్తే "రేపు రావయ్యా" అన్నవాళ్ళ ఇళ్ళే ఎక్కువ దోపిడీ అయ్యాయి. పాతదై ఉండడం ఒక ప్రమాదం. పట్టించుకోకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన రెండోది పోదు.

మన రిజర్వు బ్యాంకుకు కూడా ఈ చింత పట్టుకుంది. మనం పచారీ ఖర్చులకు డబ్బు తీసుకునే ఏ.టి.ఎం.లలో ఎన్నో ఎక్స్‌పీ మీదే నడుస్తూ ఉండేవి. 2018 జూన్‌లో బ్యాంకులకు వాయిదాలు కట్టి చెప్పింది: సెప్టెంబరుకు పావు వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పావు, జూన్‌కు మొత్తం మార్చి తీరాలని. ఎక్స్‌పీకి సేవలు ఆగిన నాలుగేళ్ళకు ఆ హెచ్చరిక! ఆ నాలుగేళ్ళూ మన డబ్బు ఎటువంటి గొళ్ళెం వెనక ఉందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

★

ఇదంతా విని కంపెనీ చెప్పిందే వేదం అనుకోనక్కర్లేదు. వాళ్ళ వైపు కూడా తప్పులున్నాయి. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. మొదటి ఏడాది ఉచితం అన్నారు. ఊరికే ఇస్తామంటే ఎవరు కాదంటారు అనుకున్నారు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడు చీటీల మీద చీటీలు మొదలయ్యాయి. 2016లో ఒక దశలో, ఆ చీటీని మూసెయ్యడానికి మూలనున్న ఇంటూ గుర్తు నొక్కినా ఒప్పుకున్నట్టే లెక్క కట్టారు. "వద్దు" అంటే "సరే" అని అర్థం చేసుకునే మనుషులు మనకు తెలియనివారు కాదు గదా!

కాలిఫోర్నియాలో ప్రయాణ ఏర్పాట్ల వ్యాపారం చేసుకునే ఒక మహిళ మాత్రం ఊరుకోలేదు. తన ప్రమేయం లేకుండానే విండోస్ 10 ఎక్కబోయి, మధ్యలో చెడి, కంప్యూటరు కుంటుబడి తన వ్యాపారం దెబ్బ తిన్నదని చిన్న దావాల కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆమెకు 10,000 డాలర్లు ఇప్పించింది. మైక్రోసాఫ్ట్ అప్పీలు వేసి కూడా విరమించుకుని, 2016లో ఆ సొమ్ము చెల్లించింది. అంత పెద్ద కంపెనీని ఒక సామాన్యురాలు ఒంటిచేత్తో నిలదీసింది. మార్పు మంచిదే కావచ్చు, కానీ అడగకుండా మార్చే హక్కు ఎవరికీ లేదని ఆ తీర్పు వల్ల లోకానికి తెలిసింది.

విండోస్ 10 రావడానికి కొద్దిగా ముందు, ఇదే ఆఖరి విండోస్ అని ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన సభలో అన్నాడు. జనం నమ్మారు కూడా. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది! ఈసారి ఇంకో మెలిక. టి.పి.ఎం. 2.0 అనే రక్షణ చిప్పు ఉండాలి, ప్రాసెసరు ఫలానా తరం తరువాతిదై ఉండాలి అన్నారు. ఇంటెల్ వారివైతే సుమారుగా 2017 చివరి నుంచి వచ్చినవే పనికొస్తాయి. దాంతో చక్కగా పనిచేస్తున్న ఎన్నో యంత్రాలు ఒక్క గీత గియ్యడంతో ముసలివైపోయాయి. కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లో వేసిన అంచనా ప్రకారం 24 కోట్ల కంప్యూటర్లు ఈ లెక్కన చెత్తబుట్ట దారి పట్టవచ్చు. అందులోని సీసం, పాదరసం ఎక్కడికి పోతాయి? ఏ ఊరి చివరనో, ఏ పసివాళ్ళ చేతుల్లోకో. మా వారు గొణిగిన గొణుగుడులో ఈ న్యాయం ఉంది.

జనం అడగ్గా అడగ్గా, విండోస్ 10 వాడే ఇళ్ళకు ఒక్క ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, రక్షణ మరమ్మతులు అందించే ఏర్పాటు చేశారు. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి మన సెట్టింగులు వాళ్ళ దగ్గర దాచుకుంటే ఉచితం, లేదా 30 డాలర్లు. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబడితే అక్కడ ఆ షరతును సడలించారు. అడిగినవాళ్ళకే పెడుతుంది అమ్మయినా!

★

ఇంతవరకు యంత్రం గొడవ. నా వరకు అసలు గొడవ వేరే ఉంది.

తెలుగు పుస్తకాలూ, కరపత్రాలూ, పెళ్ళి శుభలేఖలూ చాలా ఏళ్ళపాటు డి.టి.పి. షాపుల్లో పేజ్‌మేకర్ మీద, యూనికోడ్ కాని ఫాంట్ల మీద తయారయ్యాయి. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001లోనే ఆగిపోయింది. ఆ ఫాంట్లలో టైపు చేసినది కంప్యూటరు దృష్టిలో తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ, గుర్తులకూ తెలుగు వేషం కట్టినట్టు. వేషం ఉన్నంతసేపు కృష్ణుడే, కిరీటం తీస్తే ఎవరో! ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ప్రశ్నార్థకాలూ, కొక్కేలూ తప్ప ఒక్క తెలుగు ముక్క కనిపించదు.

మా నాన్నగారు రిటైరయ్యాక తన చిన్ననాటి సంగతులు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఊరి చెరువు, వీధిబడి, మా నాయనమ్మ చేతి మజ్జిగ పులుసు, అన్నీ. ఎక్స్‌పీ రోజుల్లో డి.టి.పి. షాపులో ఇచ్చి టైపు చేయించారు. అచ్చు వెయ్యకముందే ఆయన వెళ్ళిపోయారు. నోటు పుస్తకాల్లో సగం వానకు తడిసి పోయాయి. మిగిలింది ఆ ఫైలే. పాత కంప్యూటరు తీసేస్తే ఆయన మాటలు కొక్కేలుగా మారిపోతాయి. అల్లుడు కొత్తది కొనేయండి అన్నప్పుడు నా గుండె ఎందుకు గుబుక్కుమందో ఇప్పుడు తెలిసిందా?

మా వీధి చివర షాపు నడిపే కుర్రాడిని అడిగాను. "అమ్మా, మా దగ్గర ఇప్పటికీ ఒక ఎక్స్‌పీ పెట్టె ఉంది. ఇంటర్నెట్టు వైరు మాత్రం పీకి పారేశాం. పాత ఫైళ్ళు తీసివ్వడానికే దాన్ని ఉంచాం" అన్నాడు. ఎంత తెలివైన మాట! పాతది ఉండడం తప్పు కాదు, పాతదాన్ని నడివీధికి తలుపు తీసి పెట్టడం తప్పు. అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయట. కొన్ని వత్తులు తారుమారవుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. రోజుకు రెండు పేజీల చొప్పున దిద్దుతున్నాను. దిద్దుతూ చదువుతున్నాను. కంప్యూటరు మార్పు పుణ్యమా అని మా నాన్నగారి పుస్తకం మొదటిసారి ఆసాంతం చదివే యోగం పట్టింది నాకు.

★

ఇంతకీ మార్చాలా, వద్దా? ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, అసలు ఆ ప్రశ్నే సరైనది కాదు. మార్చక తప్పదు. ఎప్పుడు మార్చాలి, ముందు ఏం సర్దుకోవాలి అన్నదే ప్రశ్న. విస్టా వచ్చిన రోజున పరుగెత్తినవాళ్ళూ చెడ్డారు, ఆఖరి బండి కూడా పోయాక స్టేషనుకు వచ్చినవాళ్ళూ చెడ్డారు. ఒకటి రెండేళ్ళు ఆగి, గడువు తీరకముందే కదిలినవాళ్ళు సుఖపడ్డారు.

కాబట్టి ముందు మీ కంప్యూటరు ఏ పనికి వాడుతున్నారో చూసుకోండి. బ్యాంకు లావాదేవీలు, ఆధారు కాగితాలు, పిల్లల ఫీజులు దాని మీదే నడుస్తుంటే గడువు దాటనివ్వకండి. మీ యంత్రం కొత్తదానికి పనికొస్తే మార్చుకోండి, డబ్బు ఖర్చు లేదు. పనికిరాదంటే అదనపు ఏడాది వాడుకుని ఈలోగా పైకం కూడబెట్టుకోండి. యంత్రాన్ని పారెయ్యబుద్ధి కాకపోతే ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. తెలుగులోనే కనిపించే లినక్స్‌ను హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు ఎప్పుడో తయారుచేశారు. ఉత్తరాలు రాసుకోవడానికీ, పత్రికలు చదువుకోవడానికీ లినక్స్ సరిపోతుంది. ఇంటర్నెట్టు తగిలించకుండా పాటలు వినడానికి, పాత ఫోటోలు చూసుకోవడానికి అయితే ఆ పాత పెట్టె ఇంకో పదేళ్ళు మూలన కూర్చున్నా ఎవరికీ బాధ లేదు.

కానీ వీటన్నిటికంటే ముందు ఒక పని చెయ్యండి. ఏ కిటికీ అయినా ఒకనాటికి మూతపడేదే. పది, పదకొండేళ్ళకోసారి కంపెనీ దాన్ని మూసేస్తుంది. అందులోంచి మనం చూసినవి, అంటే మనవాళ్ళ మాటలు, ఫోటోలు, లెక్కలు, అమ్మ చెప్పగా రాసుకున్న ఊరగాయ కొలతలు, ఇవి మూతపడకూడదు. వాటిని ఏ కిటికీలోనైనా తెరుచుకునే రూపంలోకి మార్చి, రెండు చోట్ల దాచండి. ఇల్లు మారేటప్పుడు మన పెద్దవాళ్ళు ముందుగా పట్టుకెళ్ళేది దేవుడి పటమూ, పాలగిన్నే. మంచాలూ, బీరువాలూ తరువాతి బండిలో వస్తాయి.